నెట్సుకె కొనే ముందు తిప్పి చూడండి

వక్కాకు తిత్తి రొంటిన దోపుకుని తిరిగిన పెద్దల్ని చూసిన వాళ్లకు నెట్సుకె అంటే ఏమిటో ఇట్టే అర్థమవుతుంది. జపాన్ కిమోనోకు మనం అనుకునే జేబులుండవు. పొగాకు తిత్తి, మందుల డబ్బా, ముద్ర పెట్టె లాంటివాటిని మగవాళ్లు తాడుకు కట్టి, నడుముకు చుట్టిన ఓబీ అనే పట్టీ నుంచి వేలాడదీసుకునేవారు. తాడు జారిపోకుండా దాని పై కొసన ఒక చిన్న బొమ్మనో బిళ్లనో కట్టి, పట్టీ వెనక నుంచి పైకి తీసి, పై అంచు మీదుగా ముందుకు వేసుకునేవారు. ఆ బొమ్మే నెట్సుకె. కింద వేలాడే అరల డబ్బా ఇన్‌రో, మధ్యలో తాడును బిగించే పూస ఒజిమె. ఎడో కాలంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, ఇది రోజూ వాడే వస్తువు. ఆ తర్వాత మెయ్‌జీ కాలంలో ప్యాంట్లు, కోట్లు వచ్చాయి. జేబులొచ్చాక దీనితో పని తగ్గింది. చెక్కే చేతులు మాత్రం ఆగలేదు, విదేశీ కొనుగోలుదారుల కోసం చెక్కుతూ పోయాయి.

నెట్సుకె మొదట పనిముట్టు, ఆ తర్వాతే బొమ్మ. అసలుదో నకలుదో, ఎంత పాతదో, మంచి చేతిలో పుట్టిందో కాదో చెప్పే గుర్తులన్నీ ఆ పని దగ్గరే దొరుకుతాయి. తాడు ఎక్కడ దూరింది, గుడ్డకు ఏ వైపు రాసుకుంది, వేలు ఎక్కడ తగిలింది అన్నవి ముందు చూడాలి. ముఖం అందరూ బాగానే చెక్కుతారు. వీపు, అడుగు చూస్తేనే తేడా తెలుస్తుంది.

దంతం వద్దు

తిరుపతిలోనో చిత్తూరులోనో కూర్చుని సేకరణ మొదలుపెట్టే వాళ్లకు ఇది మొదటి నియమం, ఇందులో మినహాయింపు లేదు. పాత నెట్సుకెల్లో చాలా భాగం ఏనుగు దంతంతో చేసినవే. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ దేశీ ఏనుగు దంతం వ్యాపారాన్ని ఆపింది. 1991 సవరణ ఆఫ్రికా దంతాన్ని కూడా దాని కిందికి తెచ్చింది. అంతర్జాతీయంగా అడవి జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం ఉండనే ఉంది. ‘పాతదే కదా, వందేళ్ల కిందటిది కదా’ అనే మాట పార్సిల్ కస్టమ్స్ దగ్గర ఆగినప్పుడు పనికిరాదు. శేషాచలం కొండల కింద బతికే మనకు ఇది కొత్త సంగతేం కాదు. ఎర్రచందనం చెక్క ఎంత చిన్నదైనా కాగితం లేకుండా కదిపితే ఏమవుతుందో ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు.

దంతంతో పాటు తిమింగలం పన్ను, వాల్రస్ కోర, హార్న్‌బిల్ ముక్కు, తాబేటి చిప్ప, నల్ల పగడం కూడా వదిలేయండి. జింక కొమ్ముతో చేసినవి చాలా అందంగా ఉంటాయి, టోక్యో అసకుసా ప్రాంతపు కోకుసాయి అనే శిల్పి పనితనం దానికే పేరు పొందింది. అయినా జపాన్ సికా జింక కొమ్ముకూ మన చుక్కల దుప్పి, కణితి కొమ్ముకూ చెక్కాక తేడా చెప్పడం కష్టం. ఆ తలనొప్పి తెచ్చుకోవద్దు. మామత్ (అంతరించిపోయిన ఏనుగుజాతి) దంతం అని రాసి అమ్మేవాటి విషయంలోనూ ఇదే మాట.

మిగిలేది తక్కువేమీ కాదు. చెక్క, వెదురు, అక్రోటు పెంకు, పింగాణీ, లోహం, లక్క పని ఉన్నాయి. దంతంలా కనిపించే టాగువా గింజ కూడా ఉంది. అది దక్షిణ అమెరికా తాటిజాతి చెట్టు కాయ కాబట్టి జంతు చట్టాల గొడవ లేదు. నిజానికి నెట్సుకె ప్రాణం చెక్కలోనే ఉంది. జపాన్ బాక్స్‌వుడ్, వాళ్ల భాషలో త్సుగె, సన్నటి పోగుతో గట్టిగా ఉండి, అరిగే కొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది. ఒక్క చెక్కతోనే జీవితకాలం సేకరించవచ్చు.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. చెక్క నెట్సుకెలో కూడా కళ్లు పొదిగినవి కావచ్చు, రంధ్రం అంచుకు పట్టీ వేసి ఉండవచ్చు. ఎడో నగరపు (ఇప్పటి టోక్యో) మివా వర్గం పనివాళ్ల చెర్రీ చెక్క నెట్సుకెల్లో రంధ్రాల అంచుకు రంగు వేసిన దంతం, కొమ్ము లాంటివి పొదగడం వాళ్ల గుర్తు. అందుకే అమ్మేవాళ్లను ‘చెక్కేనా’ అని అడిగి ఊరుకోకండి. కళ్లు దేనితో చేశారు, రంధ్రపు అంచు దేనితో చేశారు, ఒజిమె పూస జత చేసి ఉంటే అది దేనితో చేశారు అని విడివిడిగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

ఫోటోలో దంతాన్ని గుర్తుపట్టాలంటే పోగు అడ్డంగా తెగిన చోట, అంటే ఎక్కువగా అడుగున, వలలా ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి వంపు గీతల కోసం చూడండి. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ నకలులో గీతలు పక్కపక్కనే సాగుతాయి, కోసుకోవు. టాగువాలో వల ఉండదు.

రంధ్రాలు

తాడు దూరే రంధ్రాలను హిమొతోషి అంటారు. మామూలుగా రెండు ఉంటాయి, లోపల సొరంగంలా కలుస్తాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. తాడు ముడి పెద్ద రంధ్రంలోకి ఒదిగి కనపడకుండా పోవాలి, అందుకే ఆ తేడా. రెండూ ఒకే కొలతలో, డ్రిల్లు బిట్టుతో కొట్టినంత గుండ్రంగా, అంచులు పదునుగా ఉంటే అనుమానించండి. తాడు ఏళ్ల తరబడి రాసుకున్న అంచు చేద బావి గట్టు మీద తాడు చేసిన గాడిలా ఒక వైపుకే నున్నగా ఒరిగి ఉంటుంది.

అలాగని రంధ్రం లేనివన్నీ నకలు కాదు. కోతి చేయి మోకాలికి ఆనిన చోట సందునో, పాము చుట్టల మధ్య ఖాళీనో తాడు దారిగా వదిలిన పనివాళ్లున్నారు. దాన్ని సహజ హిమొతోషి అంటారు. పనితనం ఎక్కువ ఉన్న ముక్కల్లో ఇది కనిపిస్తుంది.

ఎక్కువ మంది మోసపోయేది ఒకిమోనోల దగ్గర. ఒకిమోనో అంటే అల్మారాలో నిలబెట్టే చిన్న బొమ్మ. దానికి తర్వాత రెండు రంధ్రాలు కొట్టి నెట్సుకె పేరుతో అమ్ముతారు. దీన్ని తేల్చడానికి వేలాడదీసి చూడటం కంటే మంచి పరీక్ష లేదు. గుడి ముందు అంగళ్లలో దొరికే నల్ల మొలతాడు రెండు మిల్లీమీటర్ల లోపు మందంది ఒక మూర తీసుకోండి. ఒక కొసను చిన్న రంధ్రంలో దూర్చి పెద్ద రంధ్రంలోంచి తీసి ముడి వేసి, ముడిని పెద్ద రంధ్రంలోకి నొక్కండి. రెండో కొసకు 50 గ్రాముల బరువు కట్టండి, తాళాల గుత్తి చాలు. కుర్చీ వీపుకు మడిచిన తువ్వాలు గట్టిగా చుట్టి, దాని వెనక నుంచి తాడు పైకి తెచ్చి నెట్సుకెను ముందుకు వదలండి. నెట్సుకెగానే పుట్టినదైతే ముఖం ముందుకు పెట్టి, వీపు గుడ్డకు ఆనించి కుదురుగా కూర్చుంటుంది. ఒకిమోనో తలకిందులవుతుంది, పక్కకు తిరుగుతుంది, లేదా బయటికి పొడుచుకొచ్చిన చేయి గుడ్డకు తగులుకుంటుంది. రెండు రంధ్రాల మధ్య ఉన్న చెక్క వంతెనలో చీలిక కనిపిస్తే మాత్రం ఈ పరీక్ష చేయొద్దు. బరువంతా పడేది అక్కడే.

రూపాన్ని బట్టి పేర్లు వేరు. నాలుగు వైపులా చెక్కిన బొమ్మ కతబొరి. మన బాదుషాలా గుండ్రంగా చదునుగా ఉండేది మంజు. దాన్నే జల్లిలా చెక్కితే ర్యూసా. ఓబీలో పొడుగ్గా దోపుకునేది సాషి. లోహపు మూత ఉండేది కగామిబుత, దాని గిన్నె తరచుగా దంతంతో చేసినదై ఉంటుంది కాబట్టి మనకు పనికిరాదు. మొదలుపెట్టేవాళ్లు కతబొరితోనే మొదలుపెట్టడం మంచిది, చదవడానికి గుర్తులు ఎక్కువ.

అరుగుదల చదవడం

పదింతలు చూపించే కంసాలి భూతద్దం, 0.1 గ్రాము వరకు తూచే చిన్న కాటా, వెర్నియర్ కాలిపర్, 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి ఉంటే చాలు. కొలతలు 2.5 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉండటం మామూలు. 4 సెంటీమీటర్ల బాక్స్‌వుడ్ బొమ్మ సుమారు 12 నుంచి 25 గ్రాములు తూగుతుంది. రాతిపొడి కలిపిన రెజిన్ పోత అదే కొలతలో చెప్పుకోదగినంత బరువు ఉండి, చేతికి చల్లగా తగులుతుంది.

అరుగుదల ఎలా ఉండాలో నేర్చుకోవడానికి జపాన్ దాకా పోనక్కర్లేదు. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో తరాల నాటి ఎర్రచందనం మరపాచి జంట ఉంటే అడిగి చేతిలోకి తీసుకోండి. ముక్కు, నుదురు, మోకాలు, భుజం చదునై మెరుస్తాయి. చెవి వెనక, చీర మడతల లోపల ఉలి గీత ఇంకా పదునుగానే ఉంటుంది. పాత నెట్సుకె అరిగే తీరూ ఇదే, గుడ్డకు ఆనే వీపు మాత్రం దీనికి అదనం. చెక్క నెట్సుకెలకు చెక్కాక రంగు పట్టిస్తారు. ఎత్తైన చోట్ల ఆ రంగు అరిగి లేత తేనె రంగు బయటపడుతుంది, పల్లాల్లో నల్లగా నిలుస్తుంది. ఆ రెండింటి మధ్య మార్పు మెల్లగా జరగాలి, గీత గీసినట్లు ఉండకూడదు.

నకిలీ అరుగుదలకు మూడు గుర్తులు. వేలు పోలేని చోట కూడా అరిగి ఉంటే అది వాడకం కాదు. ముక్కు మీద భూతద్దంలో ఒకే దిశలో సన్నటి గీతలు కనిపిస్తే అది ఉప్పుకాగితం పని. పల్లాల్లో మైనం, బూటు పాలిష్ వాసన రావడం మూడో గుర్తు, కానీ ఫోటోల ద్వారా కొనేవాళ్లకు అది అందదు.

పోత ముక్కను పట్టడం ఇంకా తేలిక. కాళ్ల మధ్య సన్నటి అచ్చు అతుకు, లోతు పల్లాల్లో గాలి బుడగల గుంటలు, రంగుతో వేసిన పోగు కనిపిస్తాయి. వేరువేరు అమ్మకందారుల ఫోటోల్లో అదే బొమ్మకు అదే చోట అదే చీలిక ఉంటే ఇక చూడాల్సింది లేదు. అచ్చు మాత్రమే చీలికను కూడా పోసి ఇస్తుంది. వేడి సూది గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తారు. వినకండి. రెజిన్ కాకపోతే మచ్చ పడేది మీ ముక్కకే.

అల్ట్రావయొలెట్ టార్చి చెక్క వయసు చెప్పదు. దాని ఉపయోగం మరమ్మతు పట్టుకోవడంలో ఉంది. చీకటి గదిలో వేసినప్పుడు కొత్త జిగురు, కొత్త వార్నిష్ చుట్టూ ఉన్న పాత చెక్కకంటే వేరుగా, తరచుగా నీలి తెలుపులో వెలుగుతాయి. అతికించిన చెవి, తోక, వేళ్లు ఇలాగే బయటపడతాయి.

చెక్క పనిలో ఒక్క మెళకువను తప్పకుండా దగ్గరగా చూడాలి, దాని పేరు ఉకిబొరి. కప్ప వీపు మీద పొక్కులు ఉబ్బెత్తుగా రావాలంటే చుట్టూ చెక్కేయడం ఒక పద్ధతి. ఉకిబొరిలో అలా చేయరు. మొద్దు మొన ఉన్న పనిముట్టుతో పొక్కు రావాల్సిన చోట గుంట నొక్కుతారు. చుట్టూ ఉన్న చెక్కను ఆ గుంట అడుగు దాకా చెక్కి చదును చేస్తారు. తర్వాత తడి తగిలిస్తే నొక్కుకుపోయిన పోగు ఉబ్బి పైకి లేస్తుంది. అలా లేచిన పొక్కు మీద చెక్క పోగు తెగకుండా సాగిపోతుంది, దాని చుట్టూ ఉలి గీత ఉండదు. భూతద్దం కింద ఇది కనిపించిన రోజు చెక్క నెట్సుకె మీద గౌరవం రెట్టింపవుతుంది. ఇవామి ప్రాంతపు తొమిహారు వర్గం ఈ పనికి ప్రసిద్ధి.

ఉలి ఎలా నడిచిందో కళ్లారా చూడాలంటే ఏర్పేడు దగ్గర మాధవమాలకు వెళ్లి ఒక పూట కూర్చోండి. చెక్క వేరు, దేవతామూర్తులు వేరు. కానీ పోగుకు ఎదురు వెళ్లినప్పుడు చెక్క ఎలా చిట్లుతుంది, చేత్తో తీసిన గీత మొదట్లో ఒక లోతు చివర్లో ఒక లోతు ఎందుకు ఉంటుంది అన్నవి అక్కడ పది నిమిషాల్లో తెలుస్తాయి. డ్రిల్లుతో, యంత్రంతో తీసిన గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే లోతు.

సంతకం

సంతకం ఉంటేనే మంచిదనుకోవడం కొత్తవాళ్లకు డబ్బు పోయే దారి. 18వ శతాబ్దపు మంచి నెట్సుకెలు ఎన్నో సంతకం లేనివే. ఓసాకాలో 1781లో వచ్చిన ‘సోకెన్ కిషో’ నెట్సుకె పనివాళ్ల పేర్లు రాసిన తొలి పుస్తకం, యాభైకి పైగా పేర్లు అందులో ఉన్నాయి. క్యోటో తొమొతద చెక్కిన పడుకున్న ఎద్దులకు నకళ్లు అప్పటికే విరివిగా వస్తున్నాయని అదే పుస్తకం చెబుతుంది. అంటే రెండు వందల ఏళ్లు దాటిన నకలు కూడా ఉంటుంది. అందులో చెక్క పాతదే, అరుగుదల నిజమే, పేరు ఒక్కటే అబద్ధం.

ముందు పనిని చూడండి, ఆ తర్వాత సంతకం ఆ పనికి తగ్గదా అని అడగండి. ఇసె ప్రాంతపు యమద ఊళ్లో మసనావో అనే పేరును శిల్పులు తరతరాలుగా వాడారు, బాక్స్‌వుడ్ కప్పలకు పేరు. క్యోటోలో ఇంకో మసనావో ఉన్నాడు, ఆయన వేరు, కాలం వేరు, ధర వేరు. తంబా ప్రాంతపు శిల్పి తొయొమస 1773 నుంచి 1856 వరకు, హిద ప్రాంతం తకయామా ఊరి శిల్పి సుకెనగ 1800 నుంచి 1871 వరకు జీవించారు. సుకెనగది రంగు వేయని యూ అనే చెట్టు చెక్క మీద పలకలు పలకలుగా తెగ్గొట్టిన ఇత్తొబొరి పని, మిగతావాటితో కలిసిపోదు.

సంతకపు గీత అడుగు ఇంగ్లీషు వీ ఆకారంలో కోసుగా ఉండాలి. గుండ్రంగా మెరుస్తుంటే అది పోత. చుట్టూ ఉన్న ఉపరితలం అరిగి, సంతకం ఒక్కటే నిన్న రాసినట్లు పదునుగా ఉంటే అది తర్వాత చేర్చినది.

వేలం జాబితాలో మాటలు జాగ్రత్తగా చదవండి. ‘బై మసనావో’ అంటే ఆయనే చేశాడని వాళ్ల అభిప్రాయం. ‘సైన్డ్ మసనావో’ అంటే తరచుగా ఆ పేరు మీద ఉందని మాత్రమే. ‘స్కూల్ ఆఫ్’ అంటే ఆ వర్గం, ‘ఆఫ్టర్’ అంటే అనుకరణ. ఏ వేలం సంస్థ ఏ మాటకు ఏ అర్థం ఇస్తుందో వాళ్ల నిబంధనల్లోనే ఉంటుంది.

పాట, పార్సిల్

కొనే ముందు ఆరు వైపుల ఫోటోలు, రంధ్రాలవి రెండు, సంతకానిది ఒకటి, మిల్లీమీటర్లలో కొలతలు, గ్రాముల్లో బరువు అడగండి. అడుగు ఫోటో పంపని వాళ్ల దగ్గర కొనకండి.

డబ్బు లెక్క ముందే వేసుకోవాలి. పాట 300 పౌండ్ల దగ్గర ఆగిందనుకోండి. కొనుగోలుదారు కమిషన్ 28 శాతం అయితే 84. ప్యాకింగుకు, బీమాతో కూడిన కొరియర్‌కు 60 అనుకుంటే 444. కస్టమ్స్ చేరకముందే ఒకటిన్నర రెట్లు అయింది. అందుకే చేతిలో ఉన్న డబ్బులో సగాన్నే పాట గరిష్ఠంగా పెట్టుకోండి. ఇన్వాయిసు మీద ‘పాత వస్తువు’ అని మాత్రమే రాస్తే పార్సిల్ ఆగుతుంది. జపాన్ చెక్క శిల్పం, చెక్క పేరు, సుమారు కాలం, కొలత, జంతు భాగాలు లేవు అని పూర్తిగా రాయించండి. వందేళ్లు దాటిన వస్తువులకు కస్టమ్స్ సుంకాల పట్టికలో 9706 అనే విడి శీర్షిక ఉంది, వయసుకు రుజువు ఉంటేనే అది వాడాలి.

నచ్చకపోతే తిప్పి పంపుదాం అనుకోకండి. 1972 పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడం కుదరదు. అలాంటి అవసరం వస్తే ముందు భారత పురావస్తు శాఖను అడగాలి. మన వైపు నుంచి కొనుగోలు దాదాపు ఒకవైపు దారి, కాబట్టి జాగ్రత్తంతా డబ్బు కట్టక ముందే.

ఇంటికి వచ్చాక

పార్సిల్ రాగానే విప్పాలనిపిస్తుంది. ఆగండి. చలిదేశపు పొడి గదిలో నుంచి వచ్చిన చెక్క మన గాలికి అలవాటు పడాలి. లోపలి పెట్టె విప్పకుండా, ఏసీ లేని నీడ గదిలో ఒక రోజు ఉంచండి. తిరుపతిలో మే నెల వడగాలికీ, ఈశాన్య రుతుపవనాలు తెచ్చే నవంబరు తేమకూ మధ్య ఊగిసలాటే చెక్కకు అసలు శత్రువు. తేమ 45 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిది. హఠాత్తుగా మారకపోవడం అంతకన్నా ముఖ్యం. ఏసీ గాలి నేరుగా తగిలే అద్దాల షెల్ఫు కంటే లోపలి గోడకు ఆనించిన స్టీలు బీరువా మేలు. అందులో ఒక తేమ కొలిచే మీటరు పెట్టండి. సిలికా జెల్ వానాకాలంలోనే, ఎండాకాలంలో తీసేయాలి.

ఉతికి ఉతికి మెత్తబడ్డ మల్లు గుడ్డలో చుట్టండి. నల్ల ఫోము కొన్నేళ్లకు పొడై అంటుకుంటుంది, రబ్బరు బ్యాండు మచ్చ వేస్తుంది, కొత్త ప్లైవుడ్ పెట్టె వాయువులు వదులుతుంది. నాఫ్తలీన్ గోళీలు వద్దు. ముక్కతో పాటు కిరి అనే తేలికపాటి జపాన్ చెక్కతో చేసిన పెట్టె వస్తే, దాని మూత మీద రాత ఉంటే, అది సాక్ష్యం. పారేయకండి.

మరపాచి బొమ్మలకు నూనె రాసే అలవాటు నెట్సుకె దగ్గర మానుకోవాలి. కొబ్బరినూనె పల్లాల్లో జిడ్డుగా నిలిచి దుమ్మును పట్టుకుంటుంది, అరుగుదల చెప్పే రంగు తేడాను ఒకటే నలుపుగా మారుస్తుంది. పీతాంబరి, చింతపండు, తడిగుడ్డ కూడా వద్దు. మెత్తటి పెయింటింగు కుంచెతో దుమ్ము దులిపి, విభూతి, కుంకుమ అంటని పొడి చేతుల్లో అప్పుడప్పుడు కాసేపు పట్టుకోవడమే దానికి సరైన పాలిష్.

పక్కన పిండిలాంటి పొడి రాలి, సూది మొనంత రంధ్రం కనిపిస్తే చెక్కపురుగు చేరిందన్నమాట. పొదుగులు, లక్క లేని ఉత్త చెక్క ముక్కనైతే గాలి తీసిన జిప్ కవరులో పెట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా గది వేడికి రానివ్వాలి, లేకపోతే చెమ్మ చెక్క మీదే పడుతుంది. పొదుగులున్న ముక్కను ఇలా చేయొద్దు, చెక్క ముడుచుకున్నప్పుడు కళ్లు ఊడతాయి.

ప్రతి ముక్కకూ ఒక నంబరు, నోటుపుస్తకంలో ఒక పేజీ ఉండాలి. కొన్న తేదీ, ధర, కొలతలు, బరువు, చెక్క, రూపం, సంతకం, చీలికలు ఎక్కడున్నాయి, రసీదు ఎక్కడుంది అన్నవి అందులో రాయండి. నంబరును ముక్క మీద పెన్నుతో రాయకండి, స్టిక్కరు అంటించకండి. చిన్న అట్టముక్క మీద రాసి, నూలు దారంతో హిమొతోషిలోంచి కట్టండి. ఏడాదికోసారి వేసవి చివర అదే కోణంలో అడుగు ఫోటో తీసి, పాత ఫోటో పక్కన పెట్టి చీలిక పెరిగిందేమో చూడండి.